చుక్కి కడుపు

తొట్టిలో అర బిందె పోసి గంట కూడా కాలేదు, మళ్లీ అడుగు కనబడుతోంది.

మారెక్క చీపురు తొట్టి పక్కన పెట్టి లోపలికి వంగి చూసింది. గొర్రెలు ఇంకా రొప్పంలోనే ఉన్నాయి, దడికి అడ్డం పెట్టిన కంప తీయలేదు. తాగింది అవి కాదు. తొట్టి నీడలో చుక్కి పడుకుని ఉంది. మూతి తడిగా ఉంది. కడుపు కుండలా ఉబ్బి ఒక పక్కకు ఒరిగింది. పదేళ్ల కుక్క. నల్లటి ఒళ్లు, నొసట తెల్ల చుక్క. రెండేళ్ల కింద మంద మీద పడిన తోడేలును ఒంటరిగా తరిమింది ఇదే. ఆ పోరులో ఎడమ చెవి సగం పోయింది. ఆనాటి నుంచి కుళ్లాయప్ప దాని మాట ఎత్తితే ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. ఇంటి మనుషుల గురించి అట్లా చెప్పడం మారెక్క ఎప్పుడూ వినలేదు.

ఎవరెన్ని నీళ్లు తాగుతారో మోసే మనిషికే తెలుస్తుంది. బోరు ఊరికి ఆ చివర, ఇల్లు ఈ చివర. పది రోజులుగా రోజుకు ఒక బిందె ఎక్కువ పడుతోంది. అది చుక్కి కడుపులోకే పోతోందని మారెక్క నాలుగో రోజే కనిపెట్టింది. మొగుడితో చెప్పింది కూడా.

"కడుపుతో ఉండాది గదే, తాగదా?" అన్నాడు కుళ్లాయప్ప.

"కడుపుతో ఉంటే రొమ్ములు దిగాల. దిగలేదు. మూడు దినాలుగా సంకటి ముట్టలేదు."

"నువ్వేమన్నా డాక్టరమ్మవా?"

పక్క మంద తిమ్మన్నకు ఒక కుక్కపిల్లను ఇస్తానని అప్పటికే మాటిచ్చేశాడు. కుళ్లాయప్ప మాటిచ్చాక కుక్క కడుపులో పిల్లలు లేకుండా ఎట్లా పోతాయి?

రొప్పం ఊడ్చడం ఈ రోజు ఒక్కతే చేయాలి. కోడలు చౌడేశ్వరి తెల్లవారుతూనే బయట కూర్చుంది. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో రేకుల కొట్టం, అందులో ఒక చాప, ఒక చెంబు. ఆ మూడు రోజులూ ఆడమనిషి గొర్రెల రొప్పంలో కాలు పెట్టకూడదు, మందకు కీడు. ఆమెను ముట్టుకున్నవాళ్లు కూడా, ఎవరైనా సరే, నాలుగో రోజు తలస్నానం దాకా రొప్పం తొక్కకూడదు, ఆమెతోపాటే కొట్టంలో ఉండాలి. ఆ కట్టు మారెక్క అత్త ఆంజినమ్మ నాటిది. మారెక్క కొడుకు గంగాధర్ ఐదేళ్లప్పుడు పరుగెత్తుకొచ్చి తల్లిని కరుచుకున్నాడని వాణ్నీ కొట్టంలోనే ఉంచేసింది ఆ ముసలమ్మ. ఆంజినమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. కట్టు పోలేదు.

"అత్తా" అని కొట్టంలోంచి చౌడేశ్వరి పిలిచింది. "శుక్రవారం ఆపరేషన్‌లో నొప్పి చానా ఉంటాదా?"

"ఏముండదు. నాకు కాలేదా? బతికే ఉండా గదా."

చెప్పి మళ్లీ చీపురు పట్టుకుంది మారెక్క. చౌడేశ్వరికి ఇరవై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆరు నెలలుగా తెల్లబట్ట అవుతోంది, పొత్తికడుపులో నొప్పి అంటుంది. ఊళ్లో సూదిమందు వేసే ఆర్ఎంపీ జయచంద్ర నాడి పట్టుకుని చూసి, "గర్భసంచి చెడిపోయింది. ఉంచుకుంటే క్యాన్సర్ అయితాది. ఇద్దరు పుట్టినారు గదా, ఇంక దాంతో ఏం పని?" అన్నాడు. తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌లో శుక్రవారానికి పేరు కూడా రాయించేశాడు. గంగాధర్ వెనకాడాడు. పెండ్లాం మీద వాడికి కొంచెం జాలి ఉంది, కొంచెమే. అప్పుడు "తీసేయిస్తే పోతాది. నెలనెలా ఈ పీడ ఉండదు" అన్నది మారెక్కే. అంటున్నప్పుడు ఆమె కళ్ల ముందు కోడలు లేదు. నూట ఇరవై గొర్రెల పెంట ఉంది. నెలకు మూడు రోజులు దాన్ని ఒంటరిగా ఎత్తే నడుము ఉంది.

వెనక ఏదో పడిన చప్పుడైంది. చుక్కి లేవబోయి కూలబడింది. పచ్చటి నీళ్లు కక్కింది. లేవడానికి మళ్లీ చూసింది, వెనక కాళ్లు రాలేదు. తలుపు దగ్గర పళ్లు తోముకుంటున్న కుళ్లాయప్ప వేపపుల్ల పారేసి పరుగెత్తి వచ్చాడు.

"రేయ్ గంగాధర్! ఆటో పిలువురా! కళ్యాణదుర్గం పోవల్ల!"

ఆ గొంతులో భయం విని మారెక్క ఒక్క క్షణం ఎవరి గొంతో అనుకుంది.

గంగాధర్ మందను తోలుకుపోయాడు. కుక్కతో మారెక్క పోవలసి వచ్చింది. ఒంట్లో బాగాలేనప్పుడు చుక్కి ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. ఆటోలో కుళ్లాయప్ప దారి పొడుగునా డ్రైవర్‌తో "గుంతల్లో మెల్లగా పోప్పా, లోపల పిల్లలుండాయి" అంటూనే ఉన్నాడు. పెళ్లయి ముప్పై ఏళ్లు. ఆసుపత్రికి పోయే ఆటోలో మొగుడు పక్కన కూర్చోవడం మారెక్కకు ఇదే మొదలు. అదీ కుక్క పుణ్యాన.

పశువుల ఆసుపత్రిలో డాక్టర్ ఆశ్రిత ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గుంతకల్లు పిల్ల. కుళ్లాయప్ప ఆమె భుజం మీదుగా లోపలి గదిలోకి తొంగి చూశాడు.

"పెద్ద డాక్టరు లేడా మేడం?"

"నేనే పెద్ద డాక్టరు. కుక్కను బల్ల మీద పెట్టండి."

ఆ మాట ఆమె రోజుకు పదిసార్లు చెబుతుందని గొంతులోనే తెలుస్తోంది. కోపం కూడా లేదు. అరిగిపోయింది.

"ఏమైంది?"

"కడుపుతో ఉండాది మేడం. వేసవి గదా, తట్టుకోలేకపోతాంది. బలానికి సూదేయండి" అన్నాడు కుళ్లాయప్ప.

ఆశ్రిత చుక్కి దగ్గరికి వంగింది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది, ఇటుక రంగులో ఉన్నాయి. మెడ మీద చర్మం పట్టి వదిలింది, అది వెంటనే దిగలేదు. థర్మామీటర్ పెట్టింది. జ్వరం నూటనాలుగు. చెవుల వెనక రక్తం పీల్చే గోమార్లు ఉన్నాయేమో వెతికింది. తర్వాత రెండు అరచేతులూ కడుపు మీద ఆనించింది. నొక్కలేదు, ఆనించింది అంతే. చుక్కి మూలిగింది.

"నీళ్లు ఎట్లా తాగతాంది?"

"కుక్క గదా మేడం, తాగతాది."

"దినానికి బిందె" అంది మారెక్క.

డాక్టర్ తల ఎత్తి ఆమె వైపు చూసింది. "ఎన్నాళ్లుగా?"

"పది దినాలాయె. అంతకుముందు చెంబుడు తాగేది. మూత్రం కూడా అట్లే పోతాంది, పడుకున్న చోటే. మూడు దినాలుగా తిండి లేదు. ఈపొద్దు కక్కింది, పచ్చగా."

"ఎదకు ఎప్పుడొచ్చింది?"

కుళ్లాయప్ప మారెక్క వైపు చూశాడు.

"ఉగాది పోయినాక పది దినాలకు. రెండు నెలలు కావస్తాంది. నేను చూసిందాకా మగకుక్క చేరలేదు. చెప్తే వినల్ల గదా."

"వెనకనుంచి చీము గానీ నెత్తురు గానీ?"

"ఒక దినం కొంచెం కనపడింది. మళ్లీ నిలిచిపోయింది. నిలిచినాకే కడుపు ఉబ్బింది."

ఆశ్రిత కాగితం మీద గబగబా రాసుకుంది. ఇక కుళ్లాయప్పను ఏమీ అడగలేదు. అతడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తన కుక్క గురించి తనకు తెలియని సంగతులు ఇన్ని ఉన్నాయని అతనికి ఇప్పుడే తెలిసినట్టుంది. అతనికి తెలియని సంగతులు ఇంకా ఉన్నాయి. అవి కుక్క గురించి కాదు.

"సంచిలో చీము పట్టినట్టుంది" అంది డాక్టర్. "కానీ ఇప్పుడే ఆ మాట అనను. లివర్ కావచ్చు, కిడ్నీ కావచ్చు. గోమార్ల జ్వరంలోనూ లోపల ఉబ్బుతాయి. ముందు రక్తం చూస్తాం, తర్వాత స్కానింగ్."

"అదంతా ఏంటికి మేడం? సంచి అయితే తీసేయండి, సరిపోతాది" అన్నాడు కుళ్లాయప్ప.

ఆశ్రిత పెన్ను మూసింది. "పదేళ్ల కుక్కప్పా ఇది. మత్తిస్తే తట్టుకుంటుందో లేదో కిడ్నీలు చూడకుండా ఎట్లా తెలుస్తుంది? లోపల ఏముందో చూడకుండా కోయకూడదు."

మారెక్క చేయి చుక్కి తల మీద అట్లాగే ఉండిపోయింది.

ముందరి కాలి నుంచి రక్తం తీశారు. కడుపు మీద వెంట్రుకలు గీశారు. చల్లటి జిగురు పూసి, దాని మీద చిన్న పరికరం ఆనించి నెమ్మదిగా జరిపింది డాక్టర్. పక్కనున్న తెర మీద బూడిదరంగు పొగలాంటిది కదిలింది. అందులో నల్లగా, లావుగా, పాముల్లా మెలికలు.

"ఇవే పిల్లలా మేడం?" కుళ్లాయప్ప మెడ చాచాడు.

"పిల్లలైతే గుండెలు కొట్టుకుంటూ కనపడాల. ఈడ ఏదన్నా కొట్టుకుంటాందా?"

అతడు చాలాసేపు చూశాడు. ఏదీ కొట్టుకోలేదు.

"అదంతా చీము. సంచి నోరు మూసుకుపోయింది, బయటికి పోయే దారి లేదు. ఇంకో రెండు రోజులైతే లోపలే పగిలేది. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి, ఇంకా చేయి దాటిపోలేదు. సెలైన్ ఎక్కించి, చీముకు మందు వేసి, ఒళ్లు కొంచెం తేరుకున్నాక మధ్యాహ్నం ఆపరేషన్ చేస్తాను." అని మారెక్క వైపు తిరిగింది. "నీళ్ల సంగతి చెప్పినావు చూడమ్మా, అదే పట్టించింది."

అట్లాంటి మాట మారెక్కతో ఎవరూ అనలేదు. ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది.

సెలైన్ ఎక్కుతోంది. కుళ్లాయప్ప బయట వేపచెట్టు కింద ఫోన్లో తిమ్మన్నకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. మారెక్క సూది ఉన్న కాలు కదలకుండా పట్టుకుని నేల మీద కూర్చుంది. ఒక్కో చుక్క పడుతోంది. తన ఆపరేషన్ నాటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. నెలనెలా రెండో రోజు కొంచెం ఎక్కువ పోయేది, అంతే. "నెలకు మూడు దినాలు నువ్వు కాళ్లు చాపుకుంటే మందను ఎవరు చూడాల? నీ మొగుడు పెంటెత్తుతాడా?" అంది ఆంజినమ్మ. కుళ్లాయప్ప పక్కనే కూర్చుని చెప్పుకు తెగిన బొటనవేలి ఉంగటం వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. అప్పటి ఆర్ఎంపీ ఊళ్లో ఆరుగురు ఆడవాళ్లను ఒకే వ్యానులో ఎక్కించుకుపోయాడు. అక్కడ అడిగినవి రెండే మాటలు, పేరేమి, పిల్లలెందరు. రక్తం తీయలేదు. కడుపు మీద ఎవరూ చేయి ఆనించలేదు. తెర లేదు. నడుములో సూది వేశారు, కోశారు, కుట్టారు. ఏం తీశారో, అందులో ఏముందో, ఎవరూ చూపలేదు. ఆరో రోజు పెంట గంప ఎత్తింది. మరుసటేడు నుంచి ఒంట్లో మంటలు లేచేవి, చలికాలంలో కూడా. ముప్పై దాటకుండానే కీళ్లు పట్టేశాయి. "వయసు గదా" అన్నాడు కుళ్లాయప్ప. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిది, కబడ్డీ ఆడుతున్నాడు.

కానీ ఆమెకు ఎక్కువ గుర్తొచ్చింది అది కాదు, రేకుల కొట్టం. అవమానమే, కాదనదు. సంకటి ముద్ద దూరం నుంచి పెట్టి కట్టెతో తోసేవాళ్లు. దాహమైతే పిలవాలి, ఎవరైనా వచ్చిందాకా ఆగాలి. అయినా ఆ మూడు రోజులు ఎవరూ పని చెప్పేవాళ్లు కాదు. పగలు నిద్రపోయేది. పక్కింటి పుష్పావతి కూడా అదే రోజుల్లో వచ్చి చేరితే ఇద్దరూ మొగుళ్ల నడకలు చేసి చూపించుకుంటూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకునేవాళ్లు. సంచితోపాటు ఆ మూడు రోజులనూ తీసేసుకున్నారు. ఇరవై ఒక్క ఏళ్లు. ఒక్క పొద్దున కూడా మారెక్క చీపురు పట్టకుండా లేవలేదు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా, కన్నతల్లి చచ్చిపోయినా గొర్రెలు పెంట వేస్తూనే ఉన్నాయి. జబ్బు తన సంచిలో లేదు, రొప్పంలో ఉంది. అది తెలిసీ పోయిన నెల అత్త మాటే తన నోట్లో పెట్టుకుని కోడలి మీద ఉమ్మింది.

ఆపరేషన్ గంటసేపు పట్టింది. ఆశ్రిత బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. లోపల ట్రేలో మణికట్టు లావున రెండు గొట్టాలు, చీముతో బిగిసి ఉన్నాయి. మారెక్కను పిలిచి చూపింది.

"చూడమ్మా, ఇదీ తీసింది. చూపించాల కదా."

మారెక్క చూసింది. ముఖం తిప్పుకోలేదు.

"మేడం, ఆడమనిషికి కూడా కోసేముందు ఇట్లే చూస్తారా? రక్తం, స్కానింగు?"

"చూడాల. ఎందుకు?"

"నాకు చూడలేదు."

ఆశ్రిత తుడుచుకుంటున్న చేతులు ఆగాయి. "ఎన్నేండ్లప్పుడు తీసినారు?"

"ఇరవై ఏడు."

"ఏం జబ్బుకు?"

మారెక్క ఆ ప్రశ్నను పక్కన పెట్టింది. "నా కోడలికి ఇరవై నాలుగు మేడం. తెల్లబట్ట, నొప్పి. శుక్రవారం తీస్తామంటాండారు. ఒక్క స్కానింగు కూడా తీయలేదు."

"నేను పశువుల డాక్టర్నమ్మా, మనుషులకు నేను చెప్పకూడదు" అంది ఆశ్రిత. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా ఒక్క మాట. తెల్లబట్టకు చాలాసార్లు మాత్రలతోనే తగ్గుతుంది. అనంతపురం పెద్దాసుపత్రిలో ఆడడాక్టర్లు ఉంటారు. ముందు చూపించు. చూసినాక తీయాలంటే అప్పుడు తీస్తారు. చూడకముందు వద్దు."

కుళ్లాయప్ప వచ్చాడు. "మేడం, కాపలాకు మళ్లీ పనికొస్తాదా?"

"వస్తుంది. కానీ పది రోజులు కదలనివ్వకూడదు. మంద దగ్గరికి పంపొద్దు. పూర్తిగా విశ్రాంతి. రేపు సూదికి తీసుకురండి."

"అట్లే మేడం. పది దినాలు కాలు కింద పెట్టనీయను."

ఆ మాట అతడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెకు సహించలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది, ఇంకా దిగలేదు. గంగాధర్ మందను తోలుకొచ్చి రొప్పంలో కలిపాడు. కుళ్లాయప్ప తన కంబళి తెచ్చి వసారాలో నాలుగు మడతలు వేసి మత్తు దిగని చుక్కిని దాని మీద పడుకోబెట్టాడు. ఈగలు వాలకుండా తువాలు విసిరాడు. ఆరో రోజు గంప ఎత్తిన మనిషి గుంజకు ఆనుకుని అది చూసింది.

"ఏమే, రొప్పం అట్లే ఉండాది. పొద్దున సగమే ఊడ్చినట్టుండావు" అన్నాడు తల ఎత్తకుండానే. తర్వాత కొట్టం వైపు కేకేశాడు. "చౌడేశ్వరీ! శుక్రవారం తెల్లారకముందే తలకు పోసుకో. జయచంద్ర బండి తెస్తాడు."

కొట్టంలోంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"ఏడుస్తాందేమో" అన్నాడు గంగాధర్. "పొద్దున్నుంచీ తినలేదు నాయనా."

"ఏడ్చేదేముంది? కుక్కే తట్టుకునింది."

"మామా" అంది మారెక్క. "శుక్రవారం వద్దు. పిల్లను అనంతపురం తీసుకపోయి చూపించల్ల. చూడకుండా కోయకూడదు."

కుళ్లాయప్ప నవ్వాడు. "పొద్దున కుక్క డాక్టరమ్మతో నాలుగు మాటలు మాట్లాడేసరికి నువ్వూ డాక్టరమ్మవైపోయినావా?"

"నువ్వే చెప్పినావు గదమ్మా తీసేయిద్దామని" అన్నాడు గంగాధర్. ఎగతాళిగా కాదు. నిజంగానే అర్థం కాక.

"చెప్పినా. తప్పు చెప్పినా."

"మాటిచ్చినాము. పేరు రాయించినాము" అన్నాడు కుళ్లాయప్ప. "మూడు దినాలకొకసారి మాట మారిస్తే కుదరదు. పో, పెంటెత్తుపో. పొద్దు గుంకుతాంది."

అక్కడితో ఆ మాట అయిపోయిందని అతడు మళ్లీ తువాలు విసరడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి మాటా అక్కడే అయిపోయింది. మారెక్క చీపురు కోసం తొట్టి దాకా పోయింది. వంగింది. చీపురు తీయలేదు. నిలబడి నడుము మీద చేయి పెట్టుకుంది. తర్వాత రొప్పం వైపు కాకుండా కొట్టం వైపు నడిచింది.

చౌడేశ్వరి చాప మీద మోకాళ్లు ముడుచుకుని ఉంది. అత్త గడప దాటి లోపలికి రావడం చూసి గోడకు జరిగింది.

"అత్తా, ఈడికొస్తాండావేంది! తగులుతావు!"

మారెక్క ఆమె పక్కన చాప మీద కూర్చుంది. కోడలి చేయి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. చల్లగా ఉంది ఆ చేయి.

కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు. "ఏమే! తల చెడిందా? నీకు సంచే లేదు, నువ్వు ఏంటికే ఆడ కూర్చుండేది?"

"నాకు లేదు మామా. పిల్లకు ఉండాది. ముట్టుకునేసినా."

"నీళ్లు పోసుకోని వచ్చి ఊడ్చు!"

"నాలుగో దినం దాకా నీళ్లు లేవు. మీయమ్మ పెట్టిన కట్టు. ఐదేండ్ల పిల్లోణ్నే విడవలేదు, నన్ను విడుస్తాదా? రొప్పం తొక్కితే మందకు కీడు." అరవకుండానే చెప్పింది. "శుక్రవారం ఇద్దరమూ తలకు పోసుకోని అనంతపురం బస్సెక్కుతాము. చూడనీ. చూసినాక ఏమంటారో అది చేద్దాము. జయచంద్ర బండి తెస్తే మళ్లీ ముట్టుకుంటా. పిల్లకు ఎన్ని నెలలు వస్తే అన్ని నెలలు ముట్టుకుంటా."

గంగాధర్ తండ్రి వైపు చూశాడు. తండ్రి రొప్పం వైపు చూశాడు. నూట ఇరవై గొర్రెలు అక్కడ అరుస్తున్నాయి. కుళ్లాయప్పకు యాభై ఆరేళ్లు. మందను కాచాడు, అమ్మాడు, తోడేలు కథ ఊరూరా చెప్పాడు. లోపల ఊడ్చడం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

"చీపురు యాడుండాదే?" అని చివరికి అడిగాడు.

వసారాలో కుక్క, కొట్టంలో మారెక్క. ఇంకా పొద్దు ఉండగానే, ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, కోడలి చేయి వదలకుండా కాళ్లు చాపుకుని పడుకుంది.